గాలా నైట్‌కి సూటే కావాలా? ఓడల్లో డ్రెస్ కోడ్ గురించి బరంపురం నుంచి

అమెరికాలోనో సింగపూర్‌లోనో ఉన్న పిల్లలు అమ్మానాన్నల్ని క్రూయిజ్‌కి తీసుకెళ్లడం ఒడిశాలోని మా బరంపురంలో కూడా మొదలైంది. టికెట్లు పిల్లలే కొంటారు, వీసా కాగితాలు కూడా పిల్లలే చూస్తారు. పెద్దవాళ్లకి మిగిలే టెన్షన్ ఒక్కటే, పెట్టెలో ఏం సర్దుకోవాలి అని. కంపెనీ పంపిన మెయిల్లో ఒకచోట ఫార్మల్ నైట్ అని ఉంటుంది, ఇంకోచోట స్మార్ట్ క్యాజువల్ అని ఉంటుంది. పక్కింటివాళ్లు వెళ్లిన ఓడలో అసలు అలాంటిదేమీ లేదని వాళ్లు చెప్తారు. గోసాణినూగాంలో ఉండే మా వదిన ఫోన్ చేసి, "కోడలు నాకు గౌను కొంటానంటోంది, మీ అన్నయ్యకి సూటు కుట్టించమంటోంది. ఈ వయసులో నాకు గౌనేంటయ్యా?" అని గొల్లుమంది.

గౌను అక్కర్లేదు, సూటూ అక్కర్లేదు. కానీ ఎందుకు అక్కర్లేదో తెలియాలంటే ఈ రూలు ఎలా పనిచేస్తుందో కాస్త విప్పి చూడాలి. డ్రెస్ కోడ్ అనగానే ఓడ మొత్తానికీ, ప్రయాణం మొత్తానికీ ఒకటే రూలు అనుకుంటాం. గందరగోళమంతా అక్కడే. అది ఏ కంపెనీ ఓడ, ఏ రాత్రి, ఏ గది అన్న మూడింటిని బట్టి మారిపోతుంటుంది. పెళ్లిలో పీటల మీద కూర్చునేవాళ్లు పట్టు కట్టాలి, పందిట్లో టిఫిన్ తినేవాళ్లని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఓడలోనూ దాదాపు అంతే.

ముందు గది సంగతి చూద్దాం, అది తెలిస్తే సగం భయం పోతుంది. పగలంతా ఎవరికిష్టమైనవి వాళ్లు వేసుకుంటారు. నిక్కర్లు, టీషర్టులు, పూల్ పక్కన ఈతబట్టలు అన్నీ మామూలే. సాయంత్రమయ్యాక లెక్క మారుతుంది. బ్రిటిష్ కంపెనీ క్యూనార్డ్ అయితే సాయంత్రం ఆరు అని గంట కూడా చెప్పేస్తుంది. అప్పట్నుంచి డ్రెస్ కోడ్ ముఖ్యంగా వర్తించేది మెయిన్ డైనింగ్ రూమ్‌కి. తెల్లగుడ్డ పరిచిన టేబుళ్లు, మెనూ కార్డు, వరసగా మూడు నాలుగు వడ్డనలతో సాగే భోజనం, ఇవన్నీ ఉండే పెద్ద హాలు అది. డబ్బు విడిగా కట్టి తినే స్పెషాలిటీ రెస్టారెంట్లు కొన్ని ఇంకాస్త పట్టుదలగా ఉంటాయి.

పై డెక్కు మీద పూల్ దగ్గర బఫే ఉంటుంది. చాలా ఓడల్లో ఫార్మల్ నైట్ రోజు కూడా అక్కడికి మామూలు బట్టల్లో వెళ్లొచ్చు. తడి ఈతబట్టలతో, ఒట్టి కాళ్లతో రాకూడదన్నదే షరతు. గదికే తెప్పించుకుని తినే ఏర్పాటూ చాలా ఓడల్లో ఉంటుంది. కాబట్టి సూటు లేకపోతే ఆ పూట భోజనం పెట్టరన్న భయం ఉత్తదే. మావాళ్లలో చాలామందికి ఎలాగూ బట్టల కన్నా అన్నం గురించే బెంగ ఎక్కువ. ఆ విషయానికొస్తే, ముందు రోజే అడిగితే ఇండియన్ వెజిటేరియన్ వంటకం ఏదో ఒకటి పెద్ద కంపెనీల డైనింగ్ రూముల్లో చేసిపెడతారు. ఆవకాయ మాత్రం ఆశించకండి.

గది రూలుకి పెద్ద మినహాయింపు మళ్లీ క్యూనార్డే. ఫార్మల్ నైట్‌నే వాళ్లు గాలా ఈవెనింగ్ అంటారు, ఆ రోజు వాళ్ల ఓడల్లో డ్రెస్ కోడ్ ఒక్క డైనింగ్ రూమ్‌తో ఆగదు. ఓడలో చాలాభాగం, బాల్‌రూమ్‌తో సహా, ఆ రూలు కిందికే వస్తుంది. ముస్తాబవడం ఇష్టం లేనివాళ్ల కోసం బఫే, పబ్బు, క్యాసినో లాంటి కొన్ని చోట్లు వదిలిపెడతారు. ఇది అన్యాయం అనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. టికెట్ కొనకముందే స్పష్టంగా రాసి ఉంచుతారు, పైగా ఆ వాతావరణం కోసమే ఆ ఓడ ఎక్కేవాళ్లు వందల్లో ఉంటారు. అది నచ్చనివాళ్లకి వేరే ఓడలు బోలెడు.

ఆ వేరే ఓడల దగ్గరికి వస్తే, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. క్యూనార్డ్ ఒక చివర ఉందనుకుంటే, ప్రిన్సెస్ దానికి కాస్త దగ్గరగా ఉంటుంది. ఫార్మల్ నైట్ అన్న పేరునే అది ఇంకా ఉంచుకుంది. హాలండ్ అమెరికా వాళ్లు గాలా నైట్ అనేవాళ్లు, తర్వాత దాన్ని కొంచెం తేలికచేసి డ్రెస్సీ నైట్ అన్నారు. సెలబ్రిటీ కంపెనీ ఫార్మల్ అన్న మాటే తీసేసి ఈవెనింగ్ షిక్ అని పెట్టింది. కార్నివాల్‌లో క్రూయిజ్ ఎలిగెంట్ అంటారు. మగవాళ్లు మంచి ప్యాంటు, కాలరున్న చొక్కా వేసుకుంటే సరిపోతుంది, కోటు మీ ఇష్టం. రాయల్ కరీబియన్‌లోనూ పేరు గట్టిగా ఉంటుంది గానీ పట్టింపు తక్కువ. ఇంకో చివర నార్వీజియన్ ఉంది. 2000లో ఫ్రీస్టైల్ క్రూజింగ్ అని ప్రకటించి, ఫలానా టైముకే భోజనం, ఫలానా బట్టలే కట్టాలి అన్న రెండింటినీ ఒకేసారి వదిలేసింది. ముస్తాబు అవ్వాలంటే అవ్వండి, లేకపోతే మానండి అన్నది వాళ్ల పద్ధతి. ఖరీదైన ఓడల్లో కచ్చితంగా పట్టింపు ఎక్కువుంటుందని అనుకుంటాం కదా, అదీ నిజం కాదు. వైకింగ్ టికెట్టు చవకేమీ కాదు, అయినా దాన్లో ఫార్మల్ నైట్లు లేవు. ఓషియానియాలోనూ అంతే.

ఈ పేర్లన్నిట్లోకీ ఎందుకూ కొరగానిది స్మార్ట్ క్యాజువల్. రాసేవాళ్లకి ఒక అర్థం, చదివేవాళ్లకి ఇంకో అర్థం. మా మేనల్లుడు హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఒక విదేశీ కంపెనీ ఓడలో డైనింగ్ రూమ్ పని చేస్తాడు. దీనికి అర్థమేంట్రా అని వాణ్ణి అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశాడు. "మామయ్యా, గుమ్మం దగ్గర మేం చూసేది కోటు కాదు. మోకాళ్లు, భుజాలు, పాదాలు చూస్తాం." అంటే మగవాళ్లు నిక్కరుతో రాకూడదు, చేతుల్లేని బనియన్ లాంటివి వేసుకోకూడదు, హవాయి చెప్పులతో రాకూడదు. టోపీ, చిరుగుల జీన్స్ కూడా వద్దనే చెప్తారు. ఇవి తప్పించి నీటుగా ఇస్త్రీ చేసిన చొక్కా, ప్యాంటు, బూట్లతో వచ్చినవాణ్ణి మామూలు రాత్రి వెనక్కి పంపడం వాడు చూళ్లేదట. కొన్ని కంపెనీల్లో మగవాళ్ల శాండల్స్ కూడా ఒప్పుకోరు కాబట్టి ఒక జత బూట్లు పెట్టుకోవడం క్షేమం.

ఇక ఏ రాత్రి అన్న ప్రశ్న. వారం రోజుల ప్రయాణంలో ఫార్మల్ రాత్రులు మామూలుగా రెండుంటాయి. నాలుగైదు రోజులదైతే ఒకటి. కార్నివాల్ రూలు ప్రకారం అయిదు రోజుల వరకు ప్రయాణానికి ఒకటి, ఆరు రోజులు, అంతకన్నా ఎక్కువైతే రెండు. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి క్యూనార్డ్ ఓడ క్వీన్ మేరీ 2 చేసే ఏడు రాత్రుల ప్రయాణంలోనూ మామూలుగా రెండు గాలా ఈవెనింగ్‌లే. మిగతా రాత్రులన్నీ మామూలు రాత్రులే. పద్నాలుగు రోజులకి పద్నాలుగు పట్టుచీరలు సర్దక్కర్లేదు.

ఆ రెండు రాత్రులు ఎప్పుడొస్తాయన్నది కూడా ఊరికే నిర్ణయించింది కాదు. అవి ఎక్కువగా ఓడ ఏ ఊళ్లోనూ ఆగకుండా సముద్రంలోనే ఉండే రోజుల్లో పడతాయి. ఓడ రేవులో ఆగిన రోజు జనం పొద్దున దిగి, ఊరంతా తిరిగి, సాయంత్రం చెమటలు కక్కుకుంటూ ఎక్కుతారు. వాళ్లని గంటలో ముస్తాబై రమ్మంటే ఎవరొస్తారు? సముద్రంలో ఉన్న రోజైతే మధ్యాహ్నం కునుకు తీసి, తీరిగ్గా తయారవుతారు.

మొదటి రాత్రి, ఆఖరి రాత్రి మాత్రం ఫార్మల్ ఉండదు. కారణం సామాను. ఎక్కిన రోజు పెట్టెల్ని రేవులోనే తీసుకుని, సాయంత్రానికి గాని గదులకి చేర్చరు. దిగే ముందు రాత్రి మళ్లీ పెట్టెలన్నీ గది బయట పెట్టేయాలి. పాత రోజుల్లో పెద్ద ఓడల మొదటి తరగతిలో రోజూ ముస్తాబై భోజనానికి వెళ్లినవాళ్లు కూడా ఈ రెండు రాత్రులు మామూలు బట్టల్లోనే తినేవాళ్లు. అప్పట్లో సామాను ట్రంకు పెట్టెల్లో వచ్చేది. కొన్ని గదికి చేరేవి, దారిలో అవసరం లేనివి అని చీటీ అంటించినవి ఓడ అడుగున పడుండేవి. ఇప్పుడు ట్రంకు పెట్టెలు పోయాయి, అలవాటు మిగిలింది.

అసలు సముద్రం మీద ఈ ముస్తాబు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తే మన ప్రాంతానికీ దాంట్లో కొంచెం వాటా కనిపిస్తుంది. ఒకప్పుడు ఓడ అంటే విహారం కాదు, ప్రయాణ సాధనం. క్యూనార్డ్ మొదటి ఓడ బ్రిటానియా లివర్‌పూల్ నుంచి అమెరికా వైపు బయల్దేరింది 1840లో. అప్పట్నుంచి వందేళ్లకి పైగా ఖండాలు దాటాలంటే ఓడే దారి. డబ్బున్నవాళ్లు ఇంట్లో రాత్రి భోజనానికి ఎలా తయారయ్యేవారో ఓడలోనూ అలాగే తయారయ్యేవారు. కింది తరగతుల వాళ్లకి ఆ రూలూ లేదు, ఆ హాల్లోకి ప్రవేశమూ లేదు.

మా బరంపురానికి కూతవేటు దూరంలో ఉన్న గోపాల్‌పూర్ రేవు నుంచి రంగూన్‌కి స్టీమర్లు నడిచేవి. గంజాం నుంచి, ఇటు శ్రీకాకుళం తీరం నుంచి వేలమంది తెలుగువాళ్లు, ఒడియావాళ్లు బర్మాలో రేవు పనులకీ, మిల్లు పనులకీ అలాగే వెళ్లారు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ వాళ్లు రంగూన్ మీద బాంబులు వేసేదాకా ఆ రాకపోకలు సాగాయి. వాళ్లలో ఎక్కువమందిది డెక్కు టికెట్. అంటే ఆకాశం కింద, చాప మీద, మూట తలకింద పెట్టుకుని వెళ్లడం. పై తరగతి హాల్లో దొరలు భోజనానికి కోట్లు మార్చుకుంటుంటే, కింద వీళ్లు తెచ్చుకున్న చద్ది విప్పుకునేవాళ్లు. ఓడలో బట్టల రూలు పుట్టుకలోనే ఎవరు ఏ అంతస్తు అన్న లెక్క ఉంది. దాన్ని దాచిపెట్టి కబుర్లు చెప్పడం నాకిష్టం లేదు.

పై తరగతిలో మనవాళ్లు అసలే లేరని కాదు. బరంపురంలో పుట్టి, 1969లో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారు 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లారు. ఆ రోజుల్లో అంత దూరానికి దాదాపు అందరికీ ఓడే దారి.

1958లో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు మొదలయ్యాయి. పది, పదిహేనేళ్లలో ప్రయాణపు ఓడల పని అయిపోయింది. మిగిలిన కంపెనీలు ఓడని గమ్యానికి చేర్చే బండిగా కాకుండా సెలవుల కోసం వెళ్లే చోటుగా అమ్మడం మొదలుపెట్టాయి. 1960ల చివర్లో, 70ల మొదట్లో పుట్టిన నార్వీజియన్, రాయల్ కరీబియన్, కార్నివాల్ అన్నీ ఆ కాలపు పిల్లలే. వీళ్లు మొదట్లో పాత ఓడల మర్యాదలన్నీ కాపీ కొట్టారు. కెప్టెన్ విందు, గాలా రాత్రి, అన్నీ. ఒకప్పుడు దొరలకే దక్కినదాన్ని మామూలు గుమస్తాకి కూడా ఒక వారం రుచి చూపిస్తాం అన్నదే వాళ్ల బేరం. అంతస్తుని నిలబెట్టడానికి పుట్టిన రూలు తర్వాత్తర్వాత అంతస్తు అమ్ముకునే సరుకైంది.

మరి ఇప్పుడెందుకు ఒక్కో కంపెనీ దాన్ని వదిలేస్తోంది? పిల్లలతో వచ్చే కుటుంబాలు పెరిగాయి, ఆఫీసుల్లోనే టైలు పోయాయి, అవన్నీ నిజమే. నా లెక్కలో అంతకన్నా పెద్ద కారణం విమానంలో పెట్టె బరువు. ఎకానమీ టికెట్‌కి ఎక్కువ ఎయిర్‌లైన్లు ఇచ్చేది 23 కిలోల లెక్క. అందులో సూటు, బూట్లు, గౌను పట్టించాలంటే మిగతావి మానుకోవాలి. అమెరికాలోని మయామీకి విమానంలో వచ్చి ఓడెక్కేవాడికి అది బరువే. సౌతాంప్టన్‌కి సొంత కారులో వచ్చి ఓడెక్కే ఇంగ్లండువాడికి ఆ బాధ లేదు, నాలుగు పెట్టెలైనా తెచ్చుకుంటాడు. క్యూనార్డ్ లాంటి బ్రిటిష్ ఓడల్లో పాత పద్ధతి నిలవడంలో సంప్రదాయం మీద గౌరవం ఎంతుందో, ఆ కారు డిక్కీ పాత్ర కూడా అంతే ఉంది.

ఫార్మల్ నైట్ బతికుండటానికి ఇంకో కారణం ఫొటోలు. ఆ సాయంత్రం మెట్ల దగ్గర, హాళ్లలో తెరలు కట్టి, లైట్లు పెట్టి ఓడ ఫొటోగ్రాఫర్లు నిలబడతారు. అందరూ ముస్తాబై ఉన్న పూట కాబట్టి అందరూ తీయించుకుంటారు. మర్నాడు గ్యాలరీలో చూసి కొనుక్కోవాలి, ధర మన స్టూడియో ధర కాదు. తీయించుకున్నంత మాత్రాన కొనాలని లేదు. ఫోన్లో మీరు తీసుకుంటే ఎవరూ కాదనరు.

ఇప్పుడు అసలు సంగతి. ఫార్మల్ అంటే ఏంటి? పాశ్చాత్య లెక్కలో బ్లాక్ టై అంటే మగవాళ్లకి నల్ల డిన్నర్ జాకెట్, తెల్ల చొక్కా, నల్ల బో టై, నడుముకి వెడల్పాటి పట్టీ. 1865లో లండన్ దర్జీ హెన్రీ పూల్ ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కోసం కుట్టిన పొట్టి కోటు దానికి మొదలని చెప్తారు. ఆ నడుం పట్టీ మాత్రం వాళ్లది కాదు, ఇండియాలో ఉన్న బ్రిటిష్ సైనికాధికారులు మన కమర్‌బంద్ చూసి నేర్చుకున్నది. ఇప్పుడైతే క్యూనార్డ్‌లో కూడా ముదురు రంగు సూటు, టై ఉంటే చాలు. ఆడవాళ్లకి గౌను అనో కాక్‌టెయిల్ డ్రెస్ అనో రాస్తారు.

మెయిల్లో ఉదాహరణకి రాసిన ఆ నాలుగు పేర్లు చూసి, అవి తప్ప వేరేవి పనికిరావని మనవాళ్లు అనుకుంటారు. బ్లాక్ టై మర్యాదల్లో జాతీయ దుస్తులకి ఎప్పట్నుంచో చోటుంది. స్కాట్లండువాడు తన గళ్ల కిల్టు కట్టుకుని వస్తాడు, మోకాళ్లు కనిపిస్తున్నా ఎవరూ అనరు. మన చీర సంగతి చెప్పక్కర్లేదు. పట్టుచీర కట్టుకున్న ఆవిడని ఏ గాలా రాత్రీ ఏ గుమ్మం దగ్గరా ఆపరు.

మా ఊరిదే తీసుకోండి. బరంపురం పట్టు, దాదాపు ప్రతి పాత ఇంట్లోనూ బీరువాలో రెండు మూడుంటాయి. దేవాంగుల మగ్గాల మీద నేసిన చీర, అంచు పొడుగునా గుడి గోపురాల్లా వరసగా లేచే కుంభాలు. భౌగోళిక గుర్తింపు పొందిన నేత అది. ఆ గుర్తింపు చీరకి ఒక్కదానికే కాదు, జోడాకి కూడా ఉంది. జోడా అంటే మగవాళ్ల పట్టు పంచె, దానితోపాటు అదే నేతలో కండువా. మా వదిన బీరువాలో అన్నయ్య పెళ్లినాటి జోడా అలాగే ఉంది, మడత మీద జరీ కొంచెం మసకేసింది గాని పట్టు చెక్కుచెదరలేదు. లాల్చీతో ఆ పంచె కట్టి, కండువా వేసుకుంటే డిన్నర్ జాకెట్‌కి ఏం తక్కువ?

పంచె అనగానే మగవాళ్లు జంకడానికి కారణం లేకపోలేదు. బ్రిటిష్ కాలపు క్లబ్బుల్లో పంచెకి ప్రవేశం ఉండేది కాదు. ఆ రూళ్లు స్వతంత్రం వచ్చాక కూడా చాలాకాలం మిగిలాయి. 2014లో చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్బు పంచెకట్టుతో వచ్చిన హైకోర్టు న్యాయమూర్తినే గుమ్మం దగ్గర ఆపేసింది. అది పెద్ద గొడవై, అదే ఏడాది తమిళనాడు అసెంబ్లీ పంచె కట్టుకున్నవాళ్లని ఆపకూడదని చట్టం చేసింది. ఇక్కడ మన క్లబ్బులు మనల్ని భయపెట్టాయి గానీ, ఓడల గుమ్మాల దగ్గర పంచె మీద అలాంటి పగేమీ లేదు. మా మేనల్లుడి మాట ప్రకారం, ఫార్మల్ నైట్‌కి జరీ పంచెతో ఎవరైనా వస్తే పక్క టేబుల్ వాళ్లు లేచొచ్చి ఫొటో అడుగుతారట. ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఉక్కపోసినప్పుడల్లా పంచెని మోకాళ్ల పైకి మడిచి కట్టే అలవాటున్న బావగార్లు మనలో చాలామంది. డైనింగ్ రూమ్‌లో అది వద్దు, అక్కడ ఏసీ ఎలాగూ గడ్డకట్టిస్తుంది. లుంగీ గది దాటకూడదని వేరే చెప్పాలా?

పంచెతో నడవడం అలవాటు లేనివాళ్లకి బంధ్‌గలా కోటు మంచిది. మెడదాకా గుండీలు, టై గొడవ లేదు, పిల్ల పెళ్లికి మళ్లీ పనికొస్తుంది. ఫార్మల్ రాత్రికి అది నిక్షేపంగా సరిపోతుంది. సూటు కుట్టిస్తే పనికొచ్చేది ఆ రెండు రాత్రులకే. కొన్ని ఓడల్లో సూట్లు అద్దెకీ ఇస్తారు గానీ, ఎవరి కొలతలకో కుట్టిన కోటులో రాత్రంతా ఇబ్బందిపడటం దేనికి?

మామూలు రాత్రులకి పట్టు వద్దు, బరువు. మా గంజాం జిల్లాలోని బొంకాయి ఊరి పేరుతో వచ్చే బొంకాయి చీరల్లో నూలువి ఉంటాయి, అవి కట్టుకుంటే సరిగ్గా సరిపోతుంది. మగవాళ్లకి సరిహద్దు అవతల పొందూరు ఖాదీ చొక్కా, ముదురు ప్యాంటు. చలికి పైన కప్పుకోవడానికి కొరాపుట్ వైపు నేసే కొట్‌పాడ్ శాలువా. స్మార్ట్ క్యాజువల్ అంటే ఏంటని బుర్ర బద్దలు కొట్టుకునే కన్నా ఇది నయం.

రంగుల దగ్గర ఒక చిక్కుంది. కొన్ని ఓడల్లో థీమ్ రాత్రులుంటాయి. క్యూనార్డ్‌లో బ్లాక్ అండ్ వైట్ గాలా, ముసుగుల మాస్కరేడ్ గాలా, కరీబియన్ వైపు ఓడల్లో అంతా తెల్లబట్టల వైట్ నైట్. మన పెద్దవాళ్లు వేడుక అనగానే నలుపు ముట్టుకోరు. ముత్తైదువులు ఒట్టి తెల్లచీర కట్టరు. ఈ మాట కోడళ్లు విని నవ్వుతారు, పిల్లలు మూఢనమ్మకం అంటారు, ఇంట్లో చిన్న యుద్ధం. గొడవే అక్కర్లేదు. థీమ్ పాటించడం తప్పనిసరి కాదు, ఫార్మల్‌గా ఉంటే రంగు ఏదైనా రానిస్తారు. సరదాగా కలవాలనుకుంటే మీగడ రంగు పట్టుకి ఎర్రంచు ఉన్న చీర వైట్ నైట్‌కి హాయిగా నప్పుతుంది.

పెట్టె సర్దేటప్పుడు తెలియాల్సినవి కొన్నున్నాయి. ఇస్త్రీ పెట్టె తీసుకెళ్లకండి. అగ్ని భయంతో ఓడల్లో దాన్ని గదిలోకి రానివ్వరు, స్కానింగ్‌లో కనిపిస్తే తీసుకుని దిగేటప్పుడు ఇస్తారు. క్యూనార్డ్, కార్నివాల్ లాంటి కొన్ని ఓడల్లో ప్రయాణికులే బట్టలుతుక్కునే గది, అందులో ఇస్త్రీ ఏర్పాటు ఉంటాయి. లేనిచోట డబ్బు కట్టి చేయించుకోవాలి. చీర ముందే కుచ్చిళ్లు పెట్టి, పాత నూలుగుడ్డలో చుట్టి పెడితే ఆ అవసరమే రాదు. జరీ మీద సెంటు కొట్టకండి, నల్లబడుతుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కట్టిన చీర వెంటనే మడవకుండా కాసేపు ఆరనివ్వాలి. డెక్కు మీద గాలి మామూలుగా ఉండదు, పైటకి రెండు పిన్నులు ఎక్కువే పెట్టుకోండి. ఓడ ఊగే రోజున ఎత్తు మడమల చెప్పులతో మెట్లు దిగడం కన్నా పెద్ద ప్రమాదం లేదు. నగలు గదిలో ఉండే చిన్న లాకర్లో పెట్టుకోవచ్చు, అయినా కాసుల పేరు ఇంట్లోనే ఉండనివ్వండి.

మనకి దగ్గర్లో ఎక్కాలంటే విశాఖపట్నం ఉంది. బరంపురంలో రైలెక్కితే నాలుగైదు గంటలు. 2022లో కార్డీలియా కంపెనీ ఎంప్రెస్ ఓడ చెన్నై, విశాఖ, పుదుచ్చేరి మధ్య తిరిగింది. 2023 సెప్టెంబర్లో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ కూడా మొదలైంది. ఆ ఎంప్రెస్ 1990లో కట్టిన ఓడ, ఒకప్పుడు రాయల్ కరీబియన్‌ది. ఇప్పుడు ఎక్కేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే కాబట్టి చీరలు, కుర్తాలు అందులో మామూలు దృశ్యమే. విదేశీ ఓడకి ముందు భయం పోగొట్టుకోవడానికి మంచి రిహార్సల్.

టికెట్ కొన్నాక అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఈ ప్రయాణంలో ఫార్మల్ రాత్రులు ఎన్ని, ఏ తేదీల్లో? కంపెనీ వెబ్‌సైట్లోనో యాప్‌లోనో ఉంటుంది, పిల్లలు చూసి చెప్తారు. ఓడెక్కాక ఆ పూట ఏం కట్టుకోవాలో రోజువారీ కార్యక్రమాల కాగితంలోనో యాప్‌లోనో రాసే ఉంటుంది. గుమ్మం దగ్గర అనుమానం వస్తే అక్కడి హెడ్ వెయిటర్ పక్కకి పిలిచి మెల్లగా చెప్తాడు, అందరి ముందూ అవమానించడు. వాడి ఉద్యోగం మీ మెప్పు మీద ఆధారపడి ఉంది.

ఇక ఆఖరి రాత్రి. అర్ధరాత్రి లోపు పెట్టెలన్నీ గది బయట పెట్టమంటారు, తెల్లారేసరికి అవి రేవులో ఉంటాయి. హడావిడిలో మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులు కూడా వాటిల్లోనే పెట్టి తాళం వేసేసి, పొద్దున్నే రాత్రి దుస్తుల్లో టిఫిన్‌కి వచ్చేవాళ్లు తరచూ కనిపిస్తారట. మా మేనల్లుడు వాళ్లకి కాఫీ పోస్తూ నవ్వు ఆపుకోవడం నేర్చుకున్నానంటాడు. ఒక జత బయట ఉంచుకోండి.